గాలెప్పల అమృత ఘడియ

అక్షయ నామ సంవత్సరం, వైశాఖ శుద్ధ విదియ

పొద్దున్నే ప్యానెళ్ళు తుడిపించాను. నిన్నటి గాలికి ఎర్రమట్టి పొరలుగా పేరుకుపోయి, ఎండ మాడ్చేస్తున్నా కరెంటు సగమే వచ్చింది. తుడిచేవాళ్ళు నలుగురు రావాలి, ఇద్దరు వచ్చారు. మూడో మనిషిని నేనే. సర్కిల్ అధికారి గుడ్డ పట్టుకోకూడదని రూల్సులో ఎక్కడైనా ఉందేమోనని వెతికాను. లేదు.

మధ్యాహ్నం అమృత ఘడియ మొదలైన నిమిషంలోనే మా గాలిబండ ఊరికి కరెంటు తెచ్చే ఫీడరు లైను పడిపోయింది. ఊరంతా కరెంటు పోయింది. లైను మళ్ళీ నిలబెట్టేసరికి సాయంత్రమైంది.

ఈ దినచర్య పై ఆఫీసుకు పోతుంది కాబట్టి కారణం రాయాలి. కారణం భక్తి.

పోయిన ఏడాది దాకా మేము సర్క్యులర్లు పంచేవాళ్ళం. ఎండ దండిగా ఉన్న వేళల్లోనే మోటార్లు, మిల్లులు వేసుకోండి, సాయంత్రం బ్యాటరీల మీద బతుకుతాం కాబట్టి తగ్గించుకోండి అని. జనం ఆ కాగితాల్లో బజ్జీలు చుట్టుకున్నారు. అందుకని ఈ ఉగాదికి పై ఆఫీసు విద్యుత్ పంచాంగం అచ్చేసింది. కరెంటు మిగులు ఉండే వేళకు అమృత ఘడియ అని పేరు పెట్టారు, సాయంత్రానికి వర్జ్యం అని. ఒక్కో సర్కిల్‌కు ఆదాయ వ్యయాలు కూడా వేశారు. మాకు రాజపూజ్యం ఒకటి, అవమానం ఆరు. సంవత్సరం పేరు అక్షయ అని కలిసొచ్చినందుకు పైవాళ్ళు చాలా సంతోషించారు.

సర్క్యులర్‌ను లెక్కచేయని ఊరు పంచాంగానికి దండం పెట్టింది. ఇప్పుడు వర్జ్యంలో ఒక్క ఇంట్లో మిక్సీ చప్పుడు ఉండదు. అమృత ఘడియ రాగానే, రాగానే అంటే సరిగ్గా ఆ నిమిషంలోనే, బోర్లు, పిండి గిర్నీలు, నూనె మిల్లు, మిక్సీలు అన్నీ ఒకేసారి వేస్తారు. ఏ లైనైనా పడిపోతుంది. పోనీ స్విచ్చులు మేమే ఇక్కడి నుంచి వేద్దామంటే, ఇంటి స్విచ్చు ఇంటివాళ్ళదేనని చట్టం ఉంది.

నూనె మిల్లు గాలిరెడ్డి దగ్గరికి వెళ్ళాను. ఊళ్ళోకెల్లా పెద్ద మోటార్లు ఆయనవి.

"ఘడియంతా మంచిదే రెడ్డీ. అరగంట ఆగి వేసుకున్నా అదే కరెంటు" అన్నాను.

"ముహూర్తం దాటినంక తాళి కడ్తారా సార్?" అన్నాడు.

ఒకే నెలలో ఫీడరు నాలుగుసార్లు పడిపోతే ఆ సర్కిల్ నిలకడ లేనిదని ప్రకటించి, నల్లగుట్ట థర్మల్లో మిగిలిన చివరి బొగ్గు యూనిట్‌ను వెలిగిస్తారు. దాని బరువైన చక్రం తిరుగుతుంటే లైను కుదురుగా ఉంటుందట. ఒకసారి వెలిగిస్తే మళ్ళీ ఉగాది దాకా ఆర్పరు. ఈ నెలలో ఇది మొదటిసారి.

వైశాఖ శుద్ధ తదియ

అక్క ఫోన్ చేసింది. గంగక్క ఇల్లు నల్లగుట్ట థర్మల్ గోడ పక్కనే. బావ ఓబుళపతి అక్కడ బూడిద గొట్టాల దగ్గర పనిచేసి ఊపిరితిత్తులు పాడుచేసుకున్నాడు. నేనూ వయసులో అక్కడే బాయిలర్ దగ్గర చాలా ఏళ్ళు చేసి, ఇక్కడ గాలిమరలు లేచాక సొంత ఊరికి బదిలీ చేయించుకున్నాను. ఆ పొగ ఆగినప్పటి నుంచే బావ పడుకుని నిద్రపోతున్నాడు. అంతకుముందు గోడకు ఆనుకుని కూర్చుని నిద్రపోయేవాడు. మళ్ళీ వెలిగిస్తే ఆ ఊళ్ళో ఉండొద్దని డాక్టర్ తేల్చి చెప్పేశాడు. మా ఇంటికి రమ్మంటే బావ రాడు. బామ్మర్ది ఇంట్లో కూర్చుని తినడం కంటే దగ్గడం మేలంటాడు.

"ఏమ్రా, వెలిగిస్తారంట కదా?" అంది అక్క.

"ఎవరన్నారు?"

"ఈడ అందరూ అంటాండారు. యూనిట్‌కు గ్రీసు పూస్తాండారు. మీ బావ కిటికీ కాడ కూచోని సూస్తాండాడు."

"గ్రీసు ప్రతి నెలా పూస్తారక్కా."

"ఈ తూరి దండిగా పూస్తాండారురా."

ఏం భయం లేదని చెప్పాను. నాకు భయంగానే ఉంది. ప్రస్తుతానికి అమృత ఘడియను ఆపేశాను. ఎండ వృథాగా పోతోంది, ఊళ్ళో పిండి లేదు, అందరూ నన్నే తిడుతున్నారు.

వైశాఖ శుద్ధ పంచమి

పై ఆఫీసు నుంచి సమన్విత అనే ఇంజనీరమ్మ వచ్చింది. కాకినాడ పిల్ల, తెలివైనది. వచ్చీ రాగానే ప్యానెళ్ళ మీద మట్టి చూసి తనే గుడ్డ అడిగింది. అక్కడే నాకు నచ్చింది.

"ముహూర్తం ఊరందరికీ ఒకటే ఎలా అవుతుందండి?" అంది. "పెళ్ళికైనా పేరుబలం చూస్తారు కదండి. పేరులో మొదటి అక్షరాన్ని బట్టి నక్షత్రం, పాదం. నక్షత్రాలు ఇరవయ్యేడు, ఒక్కోదానికి నాలుగేసి పాదాలు. అంటే ఊరు నూట ఎనిమిది ముక్కలవుతుందండి. ఒక్కో ముక్కకు ఒక్కో నిమిషం ఇద్దాం. అందరూ తమ ముహూర్తానికే వేసుకుంటారు, లైను పడదు."

ఇంత చక్కటి మాట ఈ శాఖలో నేను విని చాలా కాలమైంది. ఊరికి చెబితే ఊరూ మురిసిపోయింది. ఎవరి పేరు మీద వాళ్ళకే అమృత ఘడియ అంటే మాటలా. పేర్ల జాబితాను కంప్యూటరే నేరుగా తీసుకుని నిమిషాలు పంచింది. గోప్యత కాబట్టి అందులో ఏముందో ఆమెకూ కనబడదు, నాకూ కనబడదు. ఆ సంగతికి మేమిద్దరం ఏమీ అనుకోలేదు.

వైశాఖ శుద్ధ దశమి

ఫీడరు పడిపోయింది. రెండోసారి.

కారణం రాస్తున్నాను. ఈ ఊరి బండ మీద గాలెప్ప స్వామి ఉన్నాడు. కడుపులో బిడ్డ నిలవాలని ప్రతి తల్లీ ఆయనకే మొక్కుకుంటుంది, బిడ్డ పుట్టగానే ఆయన పేరే పెడుతుంది. అందువల్ల ఊళ్ళో మూడు వంతులకు పైగా గాలెప్పలు, గాలెమ్మలు, గాలిరెడ్లు, గాలిబాషాలు. చర్చి పాస్టరు గాలి డేవిడ్. అందరిదీ గా అక్షరం, ధనిష్ఠ మొదటి పాదం. ముందరి ఎనభై ఎనిమిది నిమిషాలు దాదాపు ఖాళీగా గడిచి, ధనిష్ఠ రాగానే ఊరు ఊరంతా స్విచ్చేసింది.

నా పేరూ గాలెప్పే.

"ముందే చెప్పాలి కదండి" అంది సమన్విత.

నిజమే. కానీ మాకు అది చెప్పాల్సిన విషయంలా అనిపించదు. నీళ్ళు తడిగా ఉంటాయని ఎవరైనా చెబుతారా.

"అందరిదీ ఒకే పేరైతే ఒకళ్ళనొకళ్ళు ఎలా గుర్తుపడతారండి?"

"ముందర ఒక మాట తగిలిస్తాం. సోడా గాలెప్ప, పొడుగు గాలెప్ప, గొర్రెల గాలెప్ప. అట్లా."

ఆమె కళ్ళు మెరిశాయి. ఆ తగిలింపులు ఎలాంటివో ఆమెకు తెలియదు. సోడా గాలెప్ప నిజంగా సోడాలు అమ్ముతాడు కాబట్టి సరిపోయింది. అప్పుల గాలెప్ప ఉన్నాడు, మూడు పెండ్లిండ్ల గాలిబాషా ఉన్నాడు, ఎవరింట్లో ఏం జరిగినా ఊరంతా మోసే రేడియో గాలెమ్మ ఉంది. ఇవి మనిషి అటు తిరిగాక అనుకునే పేర్లు. ముఖం మీద అంటే కొట్లాటే.

వైశాఖ పౌర్ణమి

ఎవరి వాడుక పేరు వాళ్ళే ఫోన్లో నమోదు చేసుకోవాలని దండోరా వేయించాం. ఆ పేరు మొదటి అక్షరాన్ని బట్టి నిమిషం. జనం ఉతికిన బట్టలు కట్టుకుని సబ్‌స్టేషన్‌కు వచ్చి మరీ నమోదు చేసుకున్నారు. అందరి ముఖాల్లో ఒక రకమైన సంతోషం. ఆ సంతోషం చూసైనా నేను అనుమానించాల్సింది.

వైశాఖ బహుళ విదియ

ఫీడరు పడిపోయింది. మూడోసారి.

ఊళ్ళో సగం మంది 'బంగారు గాలెప్ప' అని రాసుకున్నారు. పడిపోయాక తనిఖీకి పై ఆఫీసు జాబితా తెరిచి చూపింది, అప్పుడు తెలిసింది. ఒకరితో ఒకరు చెప్పుకోలేదు, కూడబలుక్కోలేదు. ఎవరి ఇంట్లో వాళ్ళు కూర్చుని, తన గురించి తను ఆలోచించుకుని, బంగారం అన్న నిర్ణయానికి వచ్చారు. మిగిలినవాళ్ళలో ఎక్కువ మంది 'రాజా'. అప్పుల గాలెప్ప కూడా బంగారమే.

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. సమన్విత నవ్వింది, తర్వాత నా ముఖం చూసి మానేసింది. నేను ఆమెకు బావ సంగతి చెప్పాను. ఆ పిల్ల అప్పటి నుంచి మధ్యాహ్నం భోజనానికి కూడా లేవలేదు.

వైశాఖ బహుళ తదియ

పై ఆఫీసు నుంచి ఉత్తర్వు. ఇంకొక్కసారి పడితే నల్లగుట్ట వెలుగుతుంది. అమృత ఘడియ పెట్టకుండా నెల వెళ్ళబుచ్చడానికి కూడా వీల్లేదు, ఒక్కసారైనా నిలబెట్టి చూపాలి. ఇకపై వాడుక పేరుకు ముగ్గురు ఇరుగుపొరుగువాళ్ళు సాక్ష్యం చెప్పాలి, మనిషి తనే ఒప్పుకుని వేలిముద్ర కూడా వేయాలి.

అక్క ఫోన్.

"బొగ్గు వ్యాగన్ వచ్చిందిరా. మీ బావ పెట్టె సర్దమన్నాడు. యాడికి పోదామంటే చెప్పడు. ఊరికే సర్దమంటాడు."

"సర్దొద్దక్కా."

"నువ్వు చెప్తే ఆగుతాదా?"

సిగ్నల్ లేదని పెట్టేశాను. సిగ్నల్ బాగానే ఉంది.

వైశాఖ బహుళ పంచమి

ఇల్లిల్లూ తిరిగాం. ఒక్క పూటలో ఊరందరి అసలు పేర్లూ దొరికాయి. ఒప్పుకున్నవాళ్ళు మాత్రం ఒక్కరూ లేరు. పక్కింటివాళ్ళ పేరు చెప్పడానికి కుర్చీ వేసి కాఫీ ఇచ్చారు. వాళ్ళ పేరు అడిగితే కాఫీ గ్లాసు వెనక్కి తీసుకున్నారు.

గాలిరెడ్డికి ఊళ్ళో పేరు 'తడిగోనె'. తూకానికి ముందు గోనెసంచులు తడుపుతాడని. ఏడుగురు సాక్ష్యం చెప్పారు, అడగకుండానే.

"నాకట్లాంటి పేరేం లేదు సార్" అన్నాడు. "నన్ను రెడ్డి అంటారు, అంతే."

తక్కినవాళ్ళదీ ఒకటే మాట. రెడ్డి వేలిముద్ర వేస్తే మేమూ వేస్తాం. రెడ్డి ఏమో, ఊరు వేస్తే నేనూ చూస్తానంటాడు. విసుగొచ్చి ఇంటికొచ్చి నా భార్య మీద అరిచాను. ఆమె తప్పేమీ లేదు, పక్కన ఉంది, అంతే.

వైశాఖ బహుళ సప్తమి

పొద్దున సబ్‌స్టేషన్ షెడ్డులో ఊరందరినీ కూర్చోబెట్టాను. బావ గురించి చెప్పాను. ఆయన ఎలా కూర్చుని నిద్రపోయేవాడో చెప్పాను. మన ఊళ్ళో ఒక మాట ఒప్పుకోవడానికి సిగ్గుపడితే ఇంకో ఊళ్ళో ఒక మనిషి ఇల్లు వదలాలి, ఇంతకంటే నాకు చెప్పడం రాదు అన్నాను. ఎవరూ కదల్లేదు. తలలు మాత్రం దించుకున్నారు.

అప్పుడు ముందు వరసలో కూర్చున్న ఇడ్లీల గాలెమ్మవ్వ లేచింది. లేచినా కూర్చున్నట్టే ఉంటుంది, అంత పొట్టి. ఊళ్ళో అందరి పేర్లూ, ఆ పేర్ల పుట్టుపూర్వోత్తరాలూ ఆమెకు తెలుసు.

"అందర్నీ ఒప్పుకోమంటాండావు. ముందు నీదేందో చెప్పు సార్" అంది.

"నాకేముందవ్వా. నన్ను అందరూ సార్ అంటారు."

కొందరు నేల చూశారు, కొందరు పైన రేకులు చూశారు. గాలిరెడ్డి కండువాతో ముఖం తుడుచుకున్నాడు. నేను సమన్విత వైపు చూస్తే ఆమె ఫోన్ చూసుకుంటోంది. మొన్న మొన్న వచ్చిన ఈ పిల్లకు కూడా తెలుసన్నమాట.

"చెప్పు అవ్వా" అన్నాను.

"బొగ్గు గాలెప్ప" అంది.

ఎందుకని అడిగాను.

"నువ్వు థర్మల్ నుంచి మొదటి తూరి సెలవుకొచ్చినప్పుడు మీయమ్మ బాయి కాడ నీ చొక్కా పిండితే నీళ్ళు నల్లగా పోయినాయి. 'నా కొడుకు బొగ్గైపోయినాడే' అని ఏడ్చింది పాపం. ఆపొద్దు నుంచి అదే పేరు. ఎగతాళికి పెట్టింది కాదప్పా. తర్వాత ఎగతాళైంది."

ఈ ఊళ్ళో ప్రతి మిద్దె మీదా ప్యానెళ్ళు నేనే దగ్గరుండి బిగించాను. గాలిమరలకు స్థలం ఇమ్మని ఇంటింటి గడపా ఎక్కాను. ఆ ఇళ్ళన్నిట్లోనూ నేను బొగ్గు. కోపం వచ్చింది. వీళ్ళందరి ఫీజులూ పీకి పారేయాలనిపించింది. అమ్మ ఏడ్చిందన్న సంగతి నాకు ఎవరూ చెప్పలేదు, అది కోపం కంటే ఎక్కువ బాధ పెట్టింది. అంతమంది ముందు ఏడవడం బాగోదని దగ్గాను.

"రాసుకోమ్మా" అన్నాను సమన్వితతో. "బొగ్గు గాలెప్ప."

వేలిముద్ర వేశాను. సాక్షులు ముగ్గురు కావాలంటే షెడ్డంతా చేతులెత్తింది.

తర్వాత అవ్వ వేసింది. "నాది బుడ్డ గాలెమ్మ. సూస్తే తెలీదా, దీనికి సాక్ష్యమెందుకు" అంది. ఆమె వెనక రేడియో గాలెమ్మ లేచి, తన పేరు తనకు ఎప్పటి నుంచో తెలుసనీ, ఎవరు పెట్టారో కూడా తెలుసనీ చెప్పింది. పెట్టినాయన లేచి చెప్పులేసుకోబోతే పట్టుకుని కూర్చోబెట్టారు. అప్పుల గాలెప్ప వేలిముద్ర వేస్తుంటే వెనక నుంచి ఎవరో దీనికైనా వడ్డీ ఉందా అన్నారు. అందరూ నవ్వారు, అతనూ నవ్వాడు. ఇక వరస కట్టారు. గురక, చెవిటి, మూడు పెండ్లిండ్లు, ఒకరి తర్వాత ఒకరు వచ్చి తమ పేరు తమ నోటితో చెప్పి పోయారు.

అందరూ అయిపోయాక గాలిరెడ్డి వచ్చాడు. వేలు సిరాలో ముంచి, కాగితం మీద పెట్టకుండా కాసేపు పట్టుకున్నాడు.

"తడిగోనె" అన్నాడు. "రాసుకో. ఏంటికొచ్చిందో మాత్రం రాయొద్దు సార్."

"దానికి గడి లేదు రెడ్డీ."

"బతికించినావు" అని వేలు పెట్టాడు.

వైశాఖ బహుళ నవమి

అమృత ఘడియ పెట్టాం. సమన్విత స్పీకర్లో వర్ణమాల వరసలో ఒక్కో అక్షరం పిలిచింది. అప్పులవాళ్ళతో మొదలు. గురక, చెవిటి వెళ్ళాయి. మీటరు ముల్లు కొంచెం కొంచెంగా పైకి పోతోంది. త అక్షరం పిలవగానే అవతల నూనె మిల్లు మోటార్లు లేచిన చప్పుడు ఇక్కడిదాకా వినబడింది. ముల్లు గభాలున ఎగిరి ఎర్రగీత దగ్గర వణికింది. నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను. ముల్లు కాస్త దిగి ఆగింది.

బుడ్డ అయ్యాక నా నిమిషం. సబ్‌స్టేషన్లో టీ కెటిల్ వేశాను. సోడా దాకా అన్ని అక్షరాలూ పిలిచాం. ఫీడరు నిలబడింది. వర్జ్యం వచ్చేదాకా నిలబడే ఉంది. సమన్విత అప్పుడు వెళ్ళి అన్నం తింది.

వైశాఖ అమావాస్య

నెలంతా అయ్యింది. నాలుగోసారి పడలేదు. సాయంత్రం పై ఆఫీసు ప్రకటన ఊరి స్పీకర్లో వినిపించారు: "గాలిబండ సర్కిల్‌కు ఇక బొగ్గు అవసరం లేదు."

ఊరంతా పడీ పడీ నవ్వింది. సబ్‌స్టేషన్ గేటు దగ్గరికొచ్చి మరీ పలకరించారు. "ఏం సార్, నీ అవసరం లేదంటాండారే" అన్నాడు తడిగోనె గాలిరెడ్డి, ముఖం మీదే. నేనూ అతన్ని ముఖం మీదే తడిగోనె అన్నాను. కొట్లాట కాలేదు.

అక్కకు ఫోన్ చేశాను.

"బొగ్గు వద్దన్నారక్కా" అన్నాను.

ఈసారి సిగ్నల్ నిజంగానే బాగాలేదు, రెండుసార్లు చెప్పాను.

"యా బొగ్గురా?" అంది అక్క. "నువ్వా, అదా?"

"అదేనక్కా. నన్నుండమన్నారు."

అక్క ఏడ్చింది. పెట్టెలోంచి బట్టలు తీసి మళ్ళీ అల్మారాలో పెట్టుకోమని బావకు చెప్పడం వినబడింది. ఇది పై ఆఫీసుకు అవసరం లేని సంగతి, అయినా రాస్తున్నాను.